కూలర్‌లో కాపురం పెట్టిన తేనెటీగలు

పెరటి ప్రశ్నలు

ప్రశ్న: మాది హనుమాన్ జంక్షన్. ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళ పెద్ద మోత చేసుకుంటూ తేనెటీగల దండు ఒకటి మా పెరట్లోకి వచ్చింది. కాసేపు గాల్లో గిరగిరా తిరిగి, జామచెట్టు కొమ్మకి సొరకాయలా వేలాడుతూ ఉండిపోయింది. ఇంట్లో ఐదేళ్ల పాప, ఎనభై దాటిన మామగారు ఉన్నారు. పక్కింటాయన కర్రకి కిరోసిన్ గుడ్డ చుట్టి తెస్తానంటున్నారు. మా ఆయనేమో బొద్దింకల స్ప్రే కొట్టేద్దాం అంటున్నారు. చంపడం నాకు ఇష్టం లేదు. అలాగని బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్లాలన్నా టెన్షన్‌గా ఉంది. వాటిని ప్రాణాలతో తీసుకెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటారా? ఎవరిని అడగాలి?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, ఇది అచ్చయ్యేసరికి ఆ జామకొమ్మ ఖాళీ అయిపోయి ఉంటుందని తెలుసు కాబట్టే, మీ ఫొటో వాట్సాప్‌లో చూసిన వెంటనే ఫోన్ చేశాను. తర్వాత ఏం జరిగిందో మీకు తెలిసిందే. అయినా సంక్రాంతి వెళ్లి మామిడి పూతకొస్తే చాలు, నూజివీడులో ఉన్న నాకు ఈ ప్రశ్నే ఊరూరి నుంచీ వస్తుంది. అందుకని మిగతావాళ్ల కోసం మొదటి నుంచీ చెబుతాను.

కొమ్మకి వేలాడేది తేనెపట్టు కాదు, ఈగల గుంపు మాత్రమే. పూత బాగుండి తిండికి లోటు లేనప్పుడు ఒక పట్టులో ఈగలు పెరిగిపోయి చోటు చాలదు. అప్పుడు కొత్త రాణి పుట్టబోయే ముందు పాత రాణి సగం మందికి పైగా ఈగల్ని వెంటబెట్టుకుని బయటికి వచ్చేస్తుంది. ఇల్లు కూతురికి వదిలేసి తల్లి బయటికి నడుస్తుందన్నమాట. మన ఇళ్లల్లో ఇలా జరగడం నేను చూడలేదు లెండి. వచ్చిన గుంపు దగ్గర్లో ఏదో ఒక కొమ్మకి ఆగుతుంది. అక్కడి నుంచి కొన్ని ఈగలు ఇల్లు వెతకడానికి వెళ్తాయి. నచ్చిన చోటు దొరికినది తిరిగి వచ్చి, గుంపు మీదే నాట్యమాడి దిక్కూ దూరమూ చెబుతుంది. ఈ నాట్యభాషని విప్పి చెప్పినందుకే కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కి 1973లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఆయన శిష్యుడు మార్టిన్ లిండావర్‌కి 1949లో ఒక గుంపు మీద నాట్యమాడుతున్న ఈగల ఒళ్లంతా మసి, ఇటుక పొడి అంటుకుని కనిపించింది. పువ్వుల మీద నుంచి వచ్చేవాటికి పుప్పొడి ఉండాలి కదా, ఈ మసి ఎక్కడిదని ఆయనకి అనుమానం వచ్చింది. చివరికి తేలిందేమిటంటే, అవి యుద్ధంలో కూలిన ఇళ్ల సందుల్లో, పొగగొట్టాల్లో దూరి కాపురానికి చోటు చూసుకుని వస్తున్నాయి.

ఈ వెతుకులాట కొన్ని గంటల్లో తేలిపోవచ్చు, రెండు మూడు రోజులు పట్టొచ్చు. అంతవరకూ ఆ గుంపుకి కాపాడుకోవడానికి తేనె లేదు, పిల్లలు లేవు. బయల్దేరేటప్పుడే కడుపునిండా తేనె తాగి వస్తాయి. అందువల్ల తేనెటీగలు అత్యంత సాధువుగా ఉండేది ఈ సమయంలోనే. కర్రతో కదిపితేనో, రాయి వేస్తేనో, పొగ పెడితేనో తప్ప మీ జోలికి రావు. పాపని పెరటి వైపు వెళ్లనీయకండి, కుక్క ఉంటే కట్టేయండి, ఆ పూటకి బట్టలు మేడ మీద ఆరేసుకోండి. అంతే.

కిరోసిన్ గుడ్డ సంగతి. మీ పక్కింటాయన మంచివారే అయ్యుంటారు, మీకు సాయం చేద్దామనే అంటున్నారు. కానీ మంట తగిలిన గుంపులో చచ్చేవి కొన్ని, లేచేవి వేలు. లేచినవి పక్కింటాయన్ని ఒక్కరినే ఎంచుకుని కుట్టవు. మంచం మీద నుంచి లేవలేని మీ మామగారు కూడా వాటికి దగ్గర్లోనే ఉన్నారు. స్ప్రే అంతకంటే దరిద్రం. పైన ఉన్నవి రాలిపోతాయి, లోపలివి రెచ్చిపోతాయి.

కొమ్మ మీది గుంపుని పట్టడం, తోటల్లో పెట్టెలు పెట్టి తేనెటీగల్ని పెంచేవాళ్లకి చిన్న పని. సాయంత్రం చల్లబడ్డాక కొమ్మ కింద ఖాళీ పెట్టె పట్టుకుని కొమ్మని గట్టిగా ఒక్క విదుపు విదిపితే గుంపులో ఎక్కువ భాగం పెట్టెలో పడుతుంది. రాణి పడిందా, మిగతావి వాటంతట అవే దిగుతాయి. పెట్టె గుమ్మం దగ్గర కొన్ని ఈగలు తోక పైకెత్తి రెక్కలు ఆడిస్తూ నిలబడితే పని అయినట్టే. రాణి లోపలే ఉంది రమ్మని మిగతావాటికి వాసన పంపిస్తున్నాయవి.

మా దగ్గర పనిచేసే కుర్రాడిని సోమవారం పొద్దున్నే మీ ఇంటికి పంపాను. వాడు వచ్చేలోపే గుంపు లేచిపోయింది. మీరు “హమ్మయ్య, వెళ్లిపోయాయండీ” అని మెసేజ్ పెట్టారు. మూడు వారాలు గడిచాక ఇంకో ఫొటో వచ్చింది: పెరటి వసారాలో పట్టా కప్పి పెట్టిన పాత ఎయిర్ కూలర్, దాని పక్క సందులోంచి వరసగా వచ్చిపోతున్న ఈగలు. అవి ఎక్కడికీ వెళ్లలేదు తల్లీ, కొమ్మ మీద నుంచి మీ కూలర్‌కి ఇల్లు మారాయి.

ఇవి పుట్ట తేనెటీగలు. చెట్టుతొర్ర, పాముపుట్ట, గోడ కన్నం లాంటి చీకటి చోటులో పక్కపక్కనే వరసగా పట్టులు కడతాయి. మనుషుల ఇళ్లు పెరిగి తొర్రలున్న చెట్లు తగ్గాక కరెంటు మీటరు పెట్టె, పగిలిన నీళ్ల ట్యాంకు, వాడని తండూరు, ఏది దొరికితే అది. వెలుతురు రాని, గుమ్మం ఇరుకైన, వాన పడని కూలర్ వాటి లెక్కలో మేడ కిందే జమ. ఇప్పుడు వ్యవహారం మారింది. లోపల పట్టుంది, గుడ్లు, పిల్లలు, తేనె ఉన్నాయి. కొమ్మ మీద సాధువుగా ఉన్నవే ఇప్పుడు ఇల్లు కాపలా కాస్తాయి. కూలర్‌ని కదిపినా, ఎదురుగా నిలబడి వాటి దారికి అడ్డుపడినా కుడతాయి. ఇక వాటంతట అవి పోతాయని ఎదురు చూసే పని లేదు.

ఎవరిని పిలవాలి అన్నారు. ఇక్కడ నాదొక గట్టి అభిప్రాయం. తేనె కోసం వచ్చేవాడిని పిలవకండి, ఈగల కోసం వచ్చేవాడిని పిలవండి. “డబ్బులేమీ వద్దమ్మా, తేనె నాకు వదిలేయండి చాలు” అని ఒకాయన వస్తాడు. చవకగా పోయిందనుకుంటాం. పొగ పట్టించి ఈగల్ని తరిమి, పిల్లలున్న పట్టుతో సహా పిండుకుని పోతాడు. రాణి ఎటు పోయిందో వాడికి అక్కర్లేదు. రెండ్రోజులు ఇల్లంతా తిక్కతిక్కగా తిరిగే ఈగలు మీకు, తేనె వాడికి. ఫోన్లోనే మూడు సంగతులు అడగండి: రాణిని పట్టి పెట్టెలో వేస్తారా, పిల్లల పట్టుని పెట్టెలో ఉండే చెక్క చట్రానికి కడతారా, పెట్టె ఎక్కడికి తీసుకెళ్తారు. తడుముకోకుండా జవాబు చెబితే మనవాడే. దారి ఖర్చులు, కూలి ఎంతో ముందే మాట్లాడుకుని సంతోషంగా ఇవ్వండి. అలాంటివాళ్ల ఫోన్ నంబర్లు మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో, ఉద్యానశాఖ అధికారుల దగ్గర ఉంటాయి. తేనెటీగల పెంపకంలో శిక్షణ తీసుకున్న రైతులు వాళ్లకి తెలుసు. మామిడి, కొబ్బరి, పొద్దుతిరుగుడు తోటల్లో పెట్టెలు పెట్టినవాళ్లు కనిపిస్తే వాళ్లని అడిగినా సరే.

కూలర్ దగ్గర మేం చేసింది ఎండ కాస్త వాలాక. ఆ వేళకి పని మొదలుపెడితే చీకటి పడేసరికి మేతకి వెళ్లినవన్నీ తిరిగొస్తాయి. తెల్ల బట్టలు, ముఖానికి జాలీ, చేతులకి తొడుగులు. ఆ రోజు సెంటు, మల్లెపూలు ఉండకూడదు. మా కుర్రాడు జుట్టుకి వాసన నూనె రాసుకొస్తే వెనక్కి పంపి తల స్నానం చేయించాను. పొగడబ్బాలో కొబ్బరి పీచు వేసి గుమ్మం దగ్గర నాలుగు సార్లు ఊదాం, అంతకంటే అక్కర్లేదు. పొగ తగలగానే ఇల్లు వదలాల్సి వస్తుందేమోనని ఈగలు తేనె తాగడానికి పోతాయి. కడుపు నిండిన ఈగకి కుట్టే ఓపిక తక్కువ.

వెనక వైపు గడ్డి తడక స్క్రూలు విప్పితే లోపల ఐదు పట్టులు. నడిమివి అరచేయంత, అంచువి ఇంకా చిన్నవి. మైనం కొత్తది కాబట్టి తెల్లగా ఉంది, వేలు గట్టిగా తగిలితే ముడుచుకుపోతోంది. ఒక్కొక్క పట్టునీ పైన కత్తితో కోసి, ఈకతో ఈగల్ని పెట్టెలోకి దులిపి, పిల్లలున్న పట్టుని చెక్క చట్రంలో పెట్టి అరటినారతో కట్టాం. కూలర్‌లో పైన ఉన్న అంచు చట్రంలోనూ పైనే ఉండాలి. గదులు కొంచెం పైకి వాలి ఉంటాయి, తిరగేస్తే లోపలిదంతా కారిపోతుంది. మూడో పట్టు మీద రాణి కనిపించింది. మిగతావాటికంటే పొడుగు, నల్లటి ఒళ్లు, దాని చుట్టూ గుండ్రంగా మూగిన ఈగలు. దాన్ని తీగల పంజరంలో వేసి చట్రాల మధ్య వేలాడదీశాం. తర్వాత కూలర్ మూలల్లో గుత్తులుగా ఉన్నవి కూడా నడుచుకుంటూ పెట్టె వైపు వచ్చేశాయి. పుట్ట తేనెటీగకి అలిగి పోయే గుణం ఎక్కువ. చోటు నచ్చకపోతే పట్టునీ పిల్లల్నీ వదిలేసి లేచిపోతుంది. అందుకే పెట్టె గుమ్మానికి రాణి గేటు బిగించాలి. ఆ సందుల్లోంచి మామూలు ఈగ వచ్చిపోగలదు, రాణి పట్టదు.

తేనె ఉన్న పట్టు రెండు గుప్పిళ్లే. పిల్లలు లేనిది చూసి గిన్నెలో పెట్టి మీ పాపకి ఇచ్చాం.

పెట్టెని కూలర్ ఉన్న చోటే, గుమ్మం అదే దిక్కుకి పెట్టి చీకటి పడేదాకా ఉంచాం. చాలామంది తొందరపడేది ఇక్కడే. పగలే ఎత్తుకుపోతే మేతకి వెళ్లిన ఈగలు తిరిగొచ్చి, ఇల్లు లేక మీ వసారాలో దిక్కులేకుండా తిరుగుతాయి. చీకటి పడ్డాక గుమ్మానికి జాలీ బిగించి ఆటోలో నూజివీడు తోటకి తెచ్చాం. రెండు మూడు కిలోమీటర్ల లోపే పెడితే అవి పాత దారులు గుర్తుపట్టి మళ్లీ మీ కూలర్ దగ్గరికే వచ్చేస్తాయి. తోటలో మొదటి వారం చక్కెర పానకం పెట్టాం. అవి పట్టుని మైనంతో చట్రానికి అతికించేసుకున్నాయి. ఇక అక్కర్లేదని అరటినారని కొరికి పీచులు పీచులుగా గుమ్మం బయట పడేశాయి. రాణి గుడ్లు పెడుతోంది, గేటు తీసేశాం.

మీరు చేయాల్సిన పని ఒకటి మిగిలింది. కూలర్‌లో మైనం అంటిన చోటల్లా గీకి, సబ్బు నీళ్లతో కడిగి ఎండబెట్టండి, సందులకి దోమ జాలీ కొట్టించండి. మైనం వాసన ఉన్నంతకాలం వచ్చే ఏడాది ఇంకో గుంపు అదే చోటుకి వస్తుంది. మీటరు పెట్టెల్లో కాపురం పెడితే మాత్రం ముందు కరెంటు వాళ్లని పిలిచి సప్లై ఆపించాకే ఎవరైనా చెయ్యి పెట్టాలి.

కుట్టిందనుకోండి. తేనెటీగ ముల్లుకి వెనక్కి తిరిగిన కొక్కేలుంటాయి, అందుకని అది విషపు సంచితో సహా మన చర్మంలోనే ఉండిపోయి కాసేపు విషం దింపుతూనే ఉంటుంది. గోటితో గీకి వెంటనే తీసేయాలి. ఎలా తీశామన్నదానికంటే ఎంత త్వరగా తీశామన్నది ముఖ్యం. తర్వాత సబ్బుతో కడిగి ఐస్ పెట్టండి. కుట్టిన చోటు నుంచి మగ్గిన అరటిపండు లాంటి వాసన వస్తుంది. మిగతా ఈగల్ని పిలిచే వాసన అది, కాబట్టి అక్కడ నిలబడకుండా ఇంట్లోకి వచ్చేయాలి. కుట్టిన చోట వాచడం మామూలే. ఒళ్లంతా దద్దుర్లు, పెదాలూ నాలుకా వాపు, ఆయాసం, కళ్లు తిరగడం కనిపిస్తే ఒక్క ఈగ కుట్టినా సరే ఇంటి వైద్యం పెట్టుకోకుండా 108కి ఫోన్ చేయండి. పసిపిల్లల్ని, పెద్దవాళ్లని చాలా ఈగలు కుట్టినా అంతే.

ప్రశ్న: విజయవాడలో మా అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తు సజ్జా కింద పెద్ద తేనెపట్టు ఉంది. ఏటా అక్కడే పెడుతున్నాయి. కార్ల మీద పసుపు చుక్కలు పడుతున్నాయి, కడిగినా పోవట్లేదు. రాత్రిళ్లు బాల్కనీ లైటు చుట్టూ ఈగలు చేరుతున్నాయి. దీన్ని కూడా పెట్టెలోకి మార్చి తీసుకెళ్లొచ్చా?
– అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కార్యదర్శి

జవాబు: మార్చలేరు బాబూ. ఇవి కొండ తేనెటీగలు, పెర తేనె పెట్టేవి. ఒక్కటే పెద్ద పట్టు, అదీ గాలీ వెలుతురూ తగిలే చోట కడతాయి. పెట్టెలో పెడితే నిలవవు. “పెట్టెలో వేసి తీసుకెళ్తాం” అని ఎవరైనా మీ అసోసియేషన్‌కి కొటేషన్ ఇస్తే వాళ్లకి ఆ పని రాదని అర్థం.

పసుపు చుక్కలు వాటి రెట్ట, పుప్పొడి తిన్నది. గుంపుగా ఎగిరి ఒకేసారి వదులుతాయి. వీటికి పెద్ద చరిత్రే ఉంది. 1981లో అమెరికా ప్రభుత్వం లావోస్, కంపూచియా (ఇప్పటి కంబోడియా) దేశాల్లో పడుతున్న ‘పసుపు వాన’ సోవియట్ వాళ్లు ఇచ్చిన రసాయన ఆయుధమని ప్రపంచం ముందు ఆరోపించింది. జీవశాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్, తేనెటీగల శాస్త్రవేత్త థామస్ సీలీ మరికొందరితో కలిసి పరిశీలించి అది తేనెటీగల రెట్ట అని చూపించారు. మీ కార్ల మీద పడుతున్నదీ అదే. ఆరకముందే తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, ఆరాక కాసేపు నానబెట్టాలి.

ఈ ఈగలు వెన్నెల రాత్రుల్లో కూడా మేతకి వెళ్తాయి, అందుకే లైటుకి వస్తాయి. పట్టు వైపు కిటికీలకి రాత్రిళ్లు కర్టెన్ వేసి, బాల్కనీ లైటు ఆర్పేస్తే ఈ బెడద చాలా తగ్గుతుంది. పొద్దున్నే ఊడ్చేటప్పుడు కింద పడినవాటిని ఉత్త కాళ్లతో తొక్కకుండా చూసుకోండి, సగం చచ్చినది కూడా కుడుతుంది.

ఇవి వలస ఈగలు. మేత ఉన్నన్నాళ్లూ ఉండి, తగ్గగానే వాటి దారిన అవి పోతాయి. పట్టు ఎవరి కిటికీకీ ఆనుకుని లేకపోతే అన్నాళ్లూ భరించండి, ఇదే నా సలహా. కింద టపాకాయలు కాల్చొద్దు, పొగ పెట్టొద్దు, పిల్లల్ని రాళ్లు వేయనివ్వొద్దు. డ్రోన్ ఎగరేసి వీడియో తీసేవాళ్లకి కూడా చెప్పండి. పుట్ట తేనెటీగ కాస్త దూరం తరిమి వదిలేస్తుంది, ఇవి గుంపులు గుంపులుగా చాలా దూరం వెంటపడతాయి. అలా జరిగితే ముఖం కప్పుకుని ఏదో ఒక గదిలోకి దూరి తలుపు వేసుకోవాలి. నీళ్లలో దూకితే తల పైకెత్తేదాకా పైనే తిరుగుతాయి.

పడకగది కిటికీకి ఆనుకుని ఉండి తీయక తప్పకపోతే రాత్రి పూట, సరైన సూట్లు, తాళ్లు ఉన్న అనుభవజ్ఞులతోనే తీయించండి. వాళ్లు ఎర్ర లైటు వాడతారు, తేనెటీగలకి ఎరుపు కనిపించదు. ముందురోజే అన్ని ఫ్లాట్లకీ చెప్పి కిటికీలు మూయించాలి, మర్నాడు మధ్యాహ్నం దాకా పిల్లల్ని కిందికి పంపకూడదు. పట్టు పోయిన ఈగలు అక్కడక్కడే తిరుగుతుంటాయి. అవి పూర్తిగా వెళ్లాక ఆ సజ్జా కింద మైనం గీకించి, రంగు వేయించి, వల బిగించండి. వల బిగించకపోతే వచ్చే ఏడాది మీ తర్వాతి కార్యదర్శి ఇదే ప్రశ్న నాకు రాస్తారు.

ప్రశ్న: మా పాత ఇంటి గోడ కన్నంలో చీమల్లా చిన్న నల్ల ఈగలు ఉన్నాయి. కన్నం ముందు మైనంతో సన్నటి గొట్టం కట్టుకున్నాయి. ఇంట్లో తేనెటీగలు కాపురం పెడితే కీడు, శాంతి చేయించాలని మా పిన్ని అంటోంది. వచ్చే నెల ఇంటికి సున్నం వేయిస్తున్నాం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, పిఠాపురం

జవాబు: ఇవి ముసురు తేనెటీగలు. వీటికి ముల్లు లేదు, కుట్టలేవు. మరీ విసిగిస్తే జుట్టులో దూరి కొరుకుతాయి, అంతే. తేనె కూడా చిటికెడే. కొబ్బరిచెట్లు, కూరపాదులు ఉంటే మీకు పనికొచ్చేవే, వదిలేయండి. శాంతి సంగతి మీ పిన్నిగారూ పురోహితుడూ చూసుకుంటారు. సున్నం వేసేవాళ్లకి మాత్రం ఆ గొట్టం చుట్టూ బెత్తెడు చోటు వదిలేయమని చెప్పండి, కన్నం మూసుకుపోతే లోపలున్నవన్నీ చచ్చిపోతాయి.